బెడ్‌సైడ్ క్రిబ్ కొనే ముందు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను పసిపిల్లల వార్డులో నర్సుని. డిశ్చార్జి రోజున పాలు పట్టే పద్ధతి, బొడ్డు సంగతి, ఎప్పుడు కంగారు పడాలి, ఎప్పుడు అక్కర్లేదు, అన్నీ చెప్పేశాక ఆఖర్న ఒకటి అడుగుతాను, పాపని రాత్రి ఎక్కడ పడుకోబెడుతున్నారని. నాన్న వెంటనే ఫోన్ తీస్తాడు. ఫొటోలో మంచానికి ఆనించిన కొత్త క్రిబ్, చుట్టూ కుచ్చుల మెత్తలు, లోపల బుజ్జి దిండు, మడతపెట్టిన దుప్పటి, మూలన ఓ ఎలుగుబంటి బొమ్మ. "ఎలా ఉంది సిస్టర్?" అంటాడు మురిసిపోతూ. ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ ఆ ఫొటోలోంచి ఒక్కోటీ బయటికి తీయించడమే తర్వాతి పావుగంట నా పని. ఆ పావుగంటలో నేను వినే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నా.

ముందుగా, బెడ్‌సైడ్ క్రిబ్, అంటే పెద్దల మంచానికి ఆనించి పెట్టుకునే పసిపిల్లల పడక, మంచి వస్తువే. బిడ్డ మీ గదిలోనే, మీ చేతికందే దూరంలోనే, కానీ తన సొంత పక్క మీద పడుకోవాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో సవరించిన సూచనల్లో కూడా కనీసం మొదటి 6 నెలలు ఇలా పెట్టుకుంటే మంచిదనే ఉంది. అర్ధరాత్రి లేచి ఇంకో గదికి నడిచే పని ఉండదు, పాలు పట్టడం తేలిక. చిక్కంతా ఎక్కడంటే, క్రిబ్‌ని ఎంచుకునేది మన కళ్లు, మన చేతులు. మనకి హాయిగా అనిపించిందల్లా బిడ్డకి హాయి అనుకుంటాం.

అపోహ: "పరుపు మెత్తగా ఉండాలి, పసి ఒళ్లు కదా"

షాపులో అందరం చేసే పని ఒకటుంది. పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కుతాం, చెయ్యి లోపలికి దిగితే "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అనుకుంటాం. సరిగ్గా ఆ పరుపునే వదిలేయాలి. గట్టిగా నొక్కి చెయ్యి తీసేస్తే గుర్తు మిగలకూడదు, బిడ్డని పడుకోబెడితే తల కింద గుంట పడకూడదు. నొక్కిన ఆకారం కాసేపు అలాగే నిలిచిపోయే మెమరీ ఫోమ్ పెద్దవాళ్లకి సరే, పసిబిడ్డకి వద్దు.

ఎందుకంటే మెడ ఇంకా నిలవని బిడ్డ ముఖం పక్కకి తిప్పినప్పుడు ముక్కు ఆ గుంటలో ఆనిందనుకోండి, వదిలిన గాలి అక్కడే చిక్కుకుంటుంది, మళ్లీ అదే గాలి పీలుస్తుంది, ఆక్సిజన్ తగ్గుతూ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. మనమైతే ఊపిరాడక దిగ్గున లేచి కూర్చుంటాం. కొన్ని వారాల బిడ్డ మెదడుకి ఆ మేలుకునే పద్ధతి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. "ఏదైనా అయితే ఏడుస్తుందిగా, నాకు పిల్లి నడిచినా మెలకువ వస్తుంది" అనే అమ్మలకి నేను చెప్పేది ఇదొక్కటే, ఇలాంటప్పుడు చప్పుడు రాదు.

గట్టి పరుపంటే మనకి నడుంనొప్పి గుర్తొస్తుంది. మూడు కిలోల మనిషికి నడుంనొప్పి రాదు, నమ్మండి.

ఇంకో పొరపాటు, క్రిబ్‌తో వచ్చిన పరుపు పల్చగా ఉందని దాని మీద ఇంకోటి వేయడం. రెండోది కొలతకి సరిపోక అంచుల్లో సందు మిగులుతుంది, పైగా పరుపు ఎత్తు పెరిగిన మేరకి పక్క గోడ ఎత్తు తగ్గిపోతుంది. దాంతో వచ్చిన పరుపు, దాని మీద బిగుతుగా తొడిగే ఒక షీటు, అంతే. పరుపుకీ గోడకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు పట్టాక ఇంకా చోటుందంటే ఆ పరుపు ఆ క్రిబ్‌ది కాదు.

అపోహ: "తల వైపు కాస్త ఎత్తు పెడితే పాలు కక్కదు, వెల్లకిలా పడుకోబెడితే పొలమారుతుంది"

ఇది నేను ఎక్కువగా వినే మాట. చెప్పేది ఎక్కువగా అమ్మమ్మలూ నానమ్మలూ, వాళ్లని తప్పుపట్టలేం, వాళ్లు పిల్లల్ని పెంచే రోజుల్లో డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పిన చోట్లున్నాయి. ఆ సలహా మారింది 1990ల మొదట్లో. 1992లో అమెరికన్ అకాడమీ బోర్లా వద్దంది, 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు, తర్వాతి ఏళ్లలో అక్కడ సిడ్స్, అంటే కారణం తెలియకుండా పసిబిడ్డ నిద్రలోనే చనిపోవడం, సగానికి పైగా తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, పడుకోబెట్టే తీరు మార్చారంతే.

మరి పొలమారదా? నేను ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి పెట్టి చూపిస్తాను. గొంతులో రెండు గొట్టాలున్నాయి, ముందు వైపు గాలిది, వెనక వైపు ఆహారానిది. బిడ్డ వెల్లకిలా పడుకుంటే గాలి గొట్టం పైకీ, ఆహారపు గొట్టం కిందికీ వస్తాయి. కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకోబెడితే ఇదంతా తిరగబడుతుంది, గాలి గొట్టం కిందికొస్తుంది, పాలు అటు జారడమే తేలిక. ఈ చేతుల బొమ్మ చూశాక చాలామంది అమ్మమ్మలు వాదన ఆపి, వాళ్లే పక్క బెడ్డు వాళ్లకి చూపిస్తారు. ఒక పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టడం కూడా మధ్యేమార్గం కాదు, ఆ భంగిమలో బిడ్డ నిలవదు, ఎప్పుడు బోర్లా దొర్లిందో మీకు తెలియదు.

ఇక ఎత్తు సంగతి. కొన్ని బెడ్‌సైడ్ క్రిబ్‌లకి ఒక వైపు కాళ్లు పొడవు పెంచే ఏర్పాటు ఉంటుంది, పాలు కక్కే పిల్లలకి మంచిదని చెప్పి అమ్ముతారు. వాలులో పడుకున్న బిడ్డ మెల్లగా కిందికి జారుతుంది, బరువైన తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెత్తటి గాలి గొట్టం నలిగిన స్ట్రాలా అయిపోతుంది. 2019లో అమెరికాలో ఒకే రకం వాలు పడకల్ని 47 లక్షలు వెనక్కి పిలిపించారు, పిల్లల మరణాలు బయటపడ్డాక. 2022లో 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలున్న పసిపిల్లల పడకల అమ్మకాన్ని చట్టంతోనే ఆపేశారు. అందుకని ఆ కాళ్లు రెండు వైపులా ఒకే నంబరు మీద బిగించి, ఇంక ఆ ఏర్పాటు ఉందనే మర్చిపోండి. పరుపు కింద టవల్ మడిచి పెట్టడం, వాలుగా ఉండే వెడ్జ్ దిండు పెట్టడం కూడా ఇదే కోవలోవి. పాలు తాగాక కాసేపు నిటారుగా భుజాన వేసుకుని తేన్పు వచ్చాక పడుకోబెట్టండి. నిజంగానే పాలు లోపల నిలవక బరువు పెరగకపోతే అది డాక్టరు చూడాల్సిన విషయం, క్రిబ్ కాళ్లతో తేలేది కాదు.

అపోహ: "మంచానికి ఆనించేస్తే చాలు, ఇంకేం కావాలి"

ఇక్కడ నా కథే చెబుతాను. మా రెండోవాడు పుట్టినప్పుడు ఒక పక్క గోడ దించుకునే బెడ్‌సైడ్ క్రిబ్ తెచ్చుకున్నాం. నేనే దగ్గరుండి బిగించాను, పట్టీలు మంచం కింది నుంచి తిప్పి అవతలి చట్రానికి లాగి కట్టాను, చెయ్యి పెడితే సందు లేదు. నాలుగో రాత్రి పాలు పట్టి వాణ్ని పడుకోబెడుతుంటే నా మోచెయ్యి క్రిబ్‌కీ మా పరుపుకీ మధ్య జారింది. ఫోన్ టార్చి వేసి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఒక వైపు పట్టీ బకిల్ దగ్గర వదులైపోయి, ఆ మూల క్రిబ్ నాలుగు వేళ్ల మేర జరిగింది. మంచం మీద మనం దొర్లినప్పుడల్లా, లేచినప్పుడల్లా అది కొంచెం కొంచెం జరుగుతుంది. రోజూ పదిమందికి పాఠం చెప్పే నేను అప్పుడు ఏం చేశానో తెలుసా? నిద్రమత్తులో ఒక తువ్వాలు చుట్టి ఆ సందులో కుక్కాను. పొద్దున్నే దాన్ని చూసి నాకే భయమేసింది. సందులో కుక్కిన గుడ్డ కిందికి కుంగుతుంది, పైన చూస్తే నిండుగా ఉన్నట్టుంటుంది, బరువు పడితే లోపల గొయ్యే.

కాబట్టి సందుని బట్టలతో పూడ్చకండి, పట్టీ బిగించండి, రోజూ పడుకునే ముందు చేత్తో తడిమి చూడండి. పక్క గోడ దించి వాడితే క్రిబ్ మంచానికి పూర్తిగా అతుక్కుని ఉండాలి. అలా కుదరని మంచమైతే, అంటే చట్రం పరుపుకంటే బయటికి పొడుచుకొచ్చినా, పట్టీ కట్టే చోటు లేకపోయినా, పక్క గోడ దించకండి, నాలుగు వైపులా గోడ లేపి మామూలు క్రిబ్‌లా మంచం పక్కన పెట్టుకోండి. అలా వాడుకోవడానికి వీలు లేని మోడల్ అయితే మీ ఇంటికి అది పనికిరాదని అర్థం. అందుకే కొనే ముందు ఇంట్లో మీ పరుపు పైభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలుచుకుని వెళ్లండి. క్రిబ్ రంగు గురించి గంట మాట్లాడుకున్నవాళ్లలో కూడా ఈ కొలత తీసుకున్నవాళ్లు తక్కువ.

మీ వైపు దించిన గోడ కూడా పూర్తిగా మాయమైపోకూడదు. యూరప్‌లో పసిపిల్లల పడకలకి 2019 నాటి భద్రతా ప్రమాణం ఈఎన్ 1130 ప్రకారం పరుపు పై నుంచి కనీసం 120 మిల్లీమీటర్ల అడ్డు మిగలాలి. అది "చెయ్యి చాపడానికి అడ్డంగా ఉంది" అని చాలామంది విసుక్కుంటారు. ఆ అడ్డు లేకపోతే బిడ్డ మీ పరుపు మీదికి దొర్లుతుంది, మీ దిండూ దుప్పటీ అటు వెళతాయి. నిజానికి నాకు బిడ్డ దొర్లడం కంటే దుప్పటి జారడమే ఎక్కువ భయం, ఎందుకంటే దొర్లడానికి కొన్ని నెలలు పడుతుంది, దుప్పటి మొదటి రాత్రే జారుతుంది.

అపోహ: "చుట్టూ మెత్తలు లేకపోతే తల కొట్టుకుంటుంది, కాళ్లు ఇరుక్కుంటాయి"

మొదటి నెలల్లో దెబ్బ తగిలేంత జోరుగా తల కొట్టుకునే బలమే వాళ్లకి లేదు. ఆ మెత్తకి ముఖం ఆని ఊపిరాడకపోవడమే అసలు ప్రమాదం, అందుకే అమెరికాలో 2022లో క్రిబ్ బంపర్లనే ఈ మెత్తల అమ్మకాన్ని నిషేధించారు. కమ్మీల మధ్య దూరం 6 సెంటీమీటర్లకి మించకూడదు. టేపు లేకపోతే మామూలు కూల్‌డ్రింక్ క్యాన్ పెట్టి చూడండి, అది దూరిందంటే వద్దు. వల గోడలైతే బిగుతుగా ఉండాలి, ఎక్కడా చిరుగు ఉండకూడదు, వలా పరుపూ కలిసే చోట చేత్తో తోస్తే సంచిలా జోలపడకూడదు.

దిండు, దుప్పటి, బొమ్మ, ఏవీ వద్దు. "చలేస్తుంది పాపం" అంటారు, దుప్పటికి బదులు ఒంటికి తొడిగే స్లీప్ సాక్ ఉంటుంది, అది వేయండి. ఇంట్లో నిద్రలో తలకి టోపీ కూడా తీసేయండి, పసివాళ్ల ఒంటి వేడి బయటికి పోయేది ఎక్కువగా తల నుంచే. మెడ వెనక చెమట పట్టిందంటే బట్టలు ఎక్కువయ్యాయన్నమాట. ఇక "దిండు లేకపోతే తల చపటగా అయిపోతుంది" అనేవాళ్లకి, మెలకువగా ఉన్నప్పుడు మీరు చూస్తుండగా కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి, పడుకోబెట్టేటప్పుడు తల ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిప్పండి. చాలు.

అపోహ: "సెన్సర్ సాక్సు పెట్టాం, టెన్షన్ లేదు"

బిడ్డ కాలికి తొడిగి గుండె వేగం, ఆక్సిజన్ చూసే సాక్సులివి. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకి ఈ పరికరాలు సిడ్స్‌ని ఆపుతాయని రుజువు లేదు. పెట్టుకోవద్దని అనను, కానీ అది ఉంది కదా అని మెత్తటి పరుపు వేస్తే మాత్రం పోట్లాడతాను.

అపోహ: "ఖరీదైనదైతే చూడక్కర్లేదు, చుట్టాలిచ్చిన పాతదైతే ఎలాగూ గట్టిదే"

ధరతో పాటు వచ్చేవి ఎక్కువగా చక్రాలు, జేబులు, పాట పాడే పెట్టె. చూడాల్సింది మీరున్న దేశపు భద్రతా ప్రమాణం గుర్తు, నేల మీద కదలని చట్రం, లాక్ పడినప్పుడు "టక్" మని వచ్చే చప్పుడు. పాతది వద్దని నేను అనను, మా పెద్దదాని క్రిబ్ మా చెల్లెలి కూతురికి వాడాం. కానీ మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ దాన్ని వెనక్కి పిలిచిందేమో చూడాలి, వాడుక పుస్తకం దొరకాలి, స్క్రూలన్నీ అసలువే అయ్యుండాలి. ఒకటి పోయిందని తాడుతో కట్టినదీ, టేపు చుట్టినదీ ఎంత ఆప్యాయంగా ఇచ్చినా తీసుకోకండి. ఒక పక్క గోడ పైకీ కిందికీ జారే పాత రకం పెద్ద క్రిబ్‌లని అమెరికాలో 2011 నుంచి తయారు చేయనివ్వట్లేదు, అమ్మనివ్వట్లేదు. జారే గోడ ఊడిపోయి పిల్లలు ఆ సందులో ఇరుక్కునేవారు.

అపోహ: "ఇంత పెట్టి కొన్నాం, ఏడాదైనా వాడాలి"

ఏడాది రాదు. చాలా బెడ్‌సైడ్ క్రిబ్‌ల గడువు సుమారు 5, 6 నెలలే, బరువు పరిమితి మీ మోడల్ చీటీ మీద ఉంటుంది. నెలలకంటే బిడ్డని చూడటం మంచిది. దొర్లడానికి ప్రయత్నం మొదలైందంటే ముందు గుడ్డలో బిగించి చుట్టడం ఆపేయాలి, కొందరు మూడు నెలలకే మొదలుపెడతారు. చేతుల మీదో మోకాళ్ల మీదో లేవబోతోందంటే ఈ క్రిబ్ పని అయిపోయింది, ఆ లోతు చాలదు. మొన్న ఒకావిడ వీడియో పంపింది, ఐదో నెల నిండని పిల్లాడు రెండు చేతులూ ఆనించి ఛాతీ లేపి, దించిన గోడ మీదుగా వాళ్ల నాన్న గురకని శ్రద్ధగా చూస్తున్నాడు. "ఎంత బాగా లేస్తున్నాడో చూడండి సిస్టర్" అని రాసింది. నేను తిరిగి రాసింది ఒక్కటే, పెద్ద క్రిబ్ ఈ రాత్రికే బిగించండి అని.