కోతలు, కోడ్‌షేర్లు, యూనియన్ ఓటు: పైలట్ల గురించి అపోహలు - వాస్తవాలు

2020 సెప్టెంబరులో ఒక రాత్రి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. నాలాగే వాడూ అమెరికాలోనే పైలట్. కరోనా దెబ్బకి విమానాలు ఎడారుల్లో వరసగా నిలబెట్టి ఉన్నాయి, పని గంటలు తగ్గించుకుంటారా, ఉద్యోగాలు పోగొట్టుకుంటారా అని వాళ్ళ యూనియన్ ఓటింగ్‌కి కాగితం పంపింది. "బాబాయ్, రేపటితో ఓటింగ్ అయిపోతుంది, ఎస్ వెయ్యాలా, నో వెయ్యాలా?" గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. డబ్బు గురించి ఉన్న పేజీలు కాసేపు పక్కన పెట్టు, ఏ విమానం ఎవరు నడపాలో రాసిన పేజీలు ముందు చదువు అని చెప్పాను. ఎందుకలా అన్నానో, చుట్టాల ఇళ్ళలో ఎప్పుడూ నన్ను అడిగే ప్రశ్నలతో కలిపి రాస్తున్నాను.

అపోహ: కోడ్‌షేర్ అంటే టికెట్లు అమ్ముకునే ఏర్పాటు, దాంతో పైలట్లకి ఏం పని?

టికెట్ మీద ఒక సంస్థ పేరు, నంబరు ఉంటాయి, విమానం నడిపేది ఇంకో సంస్థ. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా వచ్చే మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ప్రయాణికుడికి ఒకే టికెట్, ఒకే లగేజీ ట్యాగు, బాగానే ఉంటుంది. పైలట్‌కి మాత్రం ఒకటే లెక్క, విమానం నడిపే సీట్లో ఎవరు కూర్చుంటున్నారు? మా కాంట్రాక్టులో దీనికోసమే 'స్కోప్ క్లాజ్' ఉంటుంది. కంపెనీ తన పేరు మీద అమ్మే విమానాల్లో ఎన్ని బయటివాళ్ళు నడపొచ్చు, ఎంత పెద్దవి నడపొచ్చు అన్నది అందులో రాసుకుంటాం. అమెరికాలో ఎంబ్రేయర్ 175 ఎక్కితే సీట్లు లెక్కపెట్టి చూడండి, చాలావాటిలో 76 దగ్గర ఆగిపోతాయి. అదే విమానంలో 88 దాకా పడతాయి. ఆపింది ఇంజనీర్లు కాదు, పెద్ద సంస్థల పైలట్ల కాంట్రాక్టులు.

విదేశీ భాగస్వామ్యాలు అన్నీ చెడ్డవని నేను అనను. అవతలి సంస్థ తెచ్చిన ప్రయాణికులతో మన విమానాలు నిండితే మనకే మంచిది. అట్లాంటిక్ మీద భాగస్వాములిద్దరూ కలిపి నడిపే విమానాల్లో మా వాటా ఇంతకంటే తగ్గకూడదని కాంట్రాక్టులో రాయించుకున్న యూనియన్లు ఉన్నాయి. ఆ అంకె ఉంటే భాగస్వామ్యం, లేకపోతే మన పని మెల్లగా అటు జారిపోతుంది.

ఇందులో ప్రాణాల సంగతి కూడా ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫెలో దగ్గర కూలిన విమానం టికెట్ల మీద కాంటినెంటల్ అని ఉంది, నడిపింది కోల్గన్ ఎయిర్ అనే చిన్న సంస్థ. విమానంలోని 49 మంది, నేల మీద ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టుబట్టి తిరిగితే 2010లో చట్టం వచ్చింది. విమానం నిజంగా ఎవరు నడుపుతున్నారో టికెట్ అమ్మే వెబ్‌సైట్‌లో మొదట్లోనే చూపించాలని అందులో ఉంది. టికెట్ కొనేముందు ఆ లైను చదవండి.

అపోహ: పైలట్లు జీతం తగ్గించుకుంటే కంపెనీ గట్టెక్కుతుంది

నేనూ నమ్మాను. 2001 సెప్టెంబరు 11 తర్వాత మా సంస్థలో కోతల ఓటింగ్ వచ్చినప్పుడు, అప్పటికి చేరి మూడేళ్ళు కూడా కాలేదు, ఇంట్లో చిన్నపిల్ల, ఎస్ వేశాను. జీతంతో పాటు స్కోప్ కూడా సడలించాం, చిన్న జెట్లు ఎక్కువ పెట్టుకోనిచ్చాం. ఏడాది తిరక్కుండా నన్ను ఫర్లోలో పంపారు, అంటే మళ్ళీ పిలిచేదాకా పనీ లేదు, జీతమూ లేదు. నేను నడిపిన రూటు రద్దు కాలేదు, అదే గేటు నుంచి, అదే రంగు వేసుకున్న 50 సీట్ల జెట్ వెళ్తోంది, లోపల పైలట్ వేరే కంపెనీవాడు, నా జీతంలో సగం కూడా లేనివాడు. అతని మీద నాకు కోపం లేదు, అతనికీ ఇల్లు గడవాలి. మళ్ళీ నన్ను పిలిచేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఈ మధ్యలో జీతం కొంత వెనక్కొచ్చింది, సడలించిన స్కోప్ మాత్రం రాలేదు.

నా ఒక్కడి కథే కాదిది. యూఎస్ ఎయిర్‌వేస్ 2002 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది, పైలట్లు కోతల మీద కోతలు ఒప్పుకున్నారు, 2003లో వాళ్ళ పెన్షన్ పథకాన్నే ఎత్తేశారు, అయినా 2004 సెప్టెంబరులో సంస్థ మళ్ళీ దివాలా కోర్టుకే వెళ్ళింది. పెన్షన్ పోతే ప్రభుత్వ బీమా సంస్థ కొంత ఇస్తుంది, కానీ దాని గరిష్ఠ పరిమితి 65 ఏళ్ళ లెక్కన ఉంటుంది, అంతకంటే ముందే రిటైరైతే కోత. అప్పట్లో పైలట్ 60కే దిగిపోవాలని చట్టం. అంటే చట్టమే దింపేసి, తొందరగా దిగావని తగ్గించడం. ఇది ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

2003 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగులు ఏడాదికి సుమారు 180 కోట్ల డాలర్ల కోతలకి ఒప్పుకుంటున్న సమయంలోనే పెద్ద అధికారులకి బోనస్‌లు, పెన్షన్ రక్షణ ఏర్పాటు చేసుకున్న సంగతి బయటపడింది. సీఈవో డాన్ కార్టీ రాజీనామా చేయాల్సి వచ్చింది. కోత అడిగినప్పుడు పైవాళ్ళ లెక్కలు కూడా బల్ల మీద పెట్టమని యూనియన్లు గట్టిగా అడగడానికి ఇదో కారణం.

అయితే అన్ని రాజీలూ తప్పే అనను. 2020లో యునైటెడ్ పైలట్లు పని గంటలు పంచుకుని దాదాపు 2,850 మంది ఫర్లో తప్పించారు, ఆ రక్షణ 2021 జూన్ దాకా అని గడువు కూడా పెట్టుకున్నారు. మావాడి కాగితంలోనూ గడువు తేదీ ఉంది, స్కోప్ పేజీల జోలికి పోలేదు. ఎస్ వెయ్యమన్నాను.

అపోహ: నచ్చకపోతే సమ్మె చెయ్యొచ్చు కదా

అమెరికాలో మాది రైల్వే లేబర్ యాక్ట్, 1926 నాటిది, తర్వాత విమానాలకీ వర్తింపజేశారు. కాంట్రాక్టు గడువు తీరినా పాత షరతులే నడుస్తాయి. ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు ఇక రాజీ కుదరదని వదిలితే తప్ప సమ్మె గడియారం మొదలవదు, వదిలాక మరో 30 రోజులు ఆగాలి. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మె మొదలుపెడితే అధ్యక్షుడు క్లింటన్ నిమిషాల్లోనే ఆపేశారు. వాళ్ళ గొడవ కూడా చిన్న జెట్లు ఎవరు నడపాలన్నదే! ఇక కంపెనీ దివాలాలో ఉంటే, దివాలా చట్టం 1113 సెక్షన్ కింద జడ్జి ఒప్పుకుంటే చాలు, కాంట్రాక్టే రద్దవుతుంది. మెడ మీద ఆ కత్తి పెట్టుకునే యూనియన్ ప్రతినిధులు బేరమాడతారు. వాళ్ళని అమ్ముడుపోయారని తిట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

అపోహ: ఇంత అనుభవం ఉంది, వేరే కంపెనీకి మారిపోతే సరి

ఇక్కడ సీనియారిటీ వెంట రాదు. ఇరవై ఏళ్ళు కెప్టెన్‌గా చేసినా కొత్త సంస్థలో సీనియారిటీ లిస్టు అడుగున, కో-పైలట్‌గా కుడి సీట్లో, కొత్తవాడి జీతంతో మొదలవ్వాలి. రూటు, సెలవులు, పండక్కి ఇంట్లో ఉండటం, అన్నీ ఆ లిస్టులో మన నంబరు మీదే. రెండు సంస్థలు కలిసినప్పుడు ఆ లిస్టు కోసం అన్నదమ్ముల్లాంటి వాళ్ళు కొట్టుకుంటారు. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిస్తే, 2007లో మధ్యవర్తి ఇచ్చిన సీనియారిటీ తీర్పు నచ్చక మెజారిటీ పైలట్లు మరుసటి ఏడాది యూనియన్‌నే మార్చేశారు, ఆ తగాదా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది.

ఇండియాలో సంగతి కొంచెం వేరు, అక్కడ కెప్టెన్‌ని కెప్టెన్‌గానే తీసుకునే సంస్థలున్నాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు, నెలల తరబడి జీతాలు రాకపోయినా, కొందరికి అదే ఆసరా అయింది. 2013లో 24 శాతం వాటా కొన్న ఎతిహాద్‌తో కోడ్‌షేర్లు ఎన్ని ఉన్నా ఆ రోజు కాపాడలేదు. ఇండియాలో నాకు తెలిసిన పైలట్లని స్కోప్ క్లాజ్ గురించి అడిగితే, తమ కాంట్రాక్టులో ఆ మాటే చూడలేదన్నారు. విదేశీ భాగస్వామి వచ్చి సంతకాలు జరిగే రోజున అడగాల్సిన మొదటి ప్రశ్న వాళ్ళకీ అదే: రేపు ఈ రూటు మీద సీట్లో ఎవరు కూర్చుంటారు?