తలుపులు మూశారు, అడ్రస్ మాత్రం మొదటి పేజీలోనే ఉంది

గాజువాకలో భర్త ఇంట్లోంచి వచ్చేసి, మధురవాడలో ఎవరికీ చెప్పకుండా చిన్న వాటా అద్దెకు తీసుకున్న ఒకావిడ ఉన్నారనుకోండి. విశాఖ ఫ్యామిలీ కోర్టులో విడాకుల పిటిషన్ వేద్దామని వెళ్తే ప్లీడరు గుమాస్తా ముందు పేరు అడుగుతాడు, వెంటనే "ఇప్పుడు ఉంటున్నదెక్కడమ్మా?" అంటాడు. ఆవిడ దాచుకున్నదే అది.

ఈ ప్రశ్న వందేళ్ళు దాటినది. సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఏడో ఆర్డర్ (అధ్యాయం లాంటిది) ప్రకారం దావాలో వాది ఎక్కడ ఉంటున్నదీ రాయాలి, ఐదో ఆర్డర్ ప్రకారం ఆ దావా కాపీ సమన్లతో పాటు ప్రతివాదికి వెళ్ళాలి. గట్టు తగాదాలకీ అప్పు దావాలకీ ఇందులో ఇబ్బందేం లేదు, ఎవరి ఇల్లెక్కడో ఊరందరికీ తెలుసు కదా! 1976 సవరణతో అడ్రస్ స్టేట్‌మెంట్ విడిగా ఇవ్వాలన్నారు, అది తప్పుడుదని తేలితే దావా నిలిపేయొచ్చు కూడా. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చినా లోపల నడిచేది ఆ పాత కోడే.

గోప్యత గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ కింద 1955లో భార్యాభర్తల్లో ఎవరో ఒకరు కోరితేనో జడ్జికి సబబనిపిస్తేనో తలుపులు మూసి విచారించేవారు, 1976 నుంచి అది తప్పనిసరి. విచారణ వివరాలు అచ్చువేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. కానీ ఇదంతా ఇరుగుపొరుగు నుంచీ పేపర్ల నుంచీ కాపాడటానికే. అవతలి పార్టీ నుంచి కాపాడాల్సి వస్తుందన్న ఊహే అందులో లేదు.

2003లో భార్య తానున్న చోటే కేసు వేసుకోవచ్చన్నారు. మంచి మార్పే, కాకపోతే అడ్రస్ ఇంకా కీలకమైపోయింది, ఎందుకంటే విశాఖలో వేయాలంటే విశాఖలో ఉంటున్నానని చూపించాలి, భర్త కాదంటే అద్దె అగ్రిమెంట్ బయటికి తీయాలి. గృహహింస చట్టం నియమాలు (2006) మాత్రం, బాధితురాలు కోరితే ఆమె తమ దగ్గరుందని షెల్టర్ హోమ్ అవతలి వాళ్ళకి చెప్పకూడదన్నాయి. అద్దె వాటాలో ఉన్నావిడకి ఆ రక్షణ లేదు. ఇంగ్లండ్ ఫ్యామిలీ కోర్టుల్లో అడ్రస్ దాచమని అడగడానికి సీ8 అనే ఫారమే ఉంది. మన దగ్గర అలాంటి ఫారం లేదు గనక సివిల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద విడిగా పిటిషన్ పెట్టి, అడ్రస్ సీల్డ్ కవర్లో ఉంచమనీ నోటీసులు వకీలు ద్వారా పంపమనీ అడగాలి, ఒప్పుకోవడం జడ్జి ఇష్టం.

ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. మొదటి పేజీలో అడ్రస్ తీసేసి, వెనక జతచేసిన ఆధార్ జిరాక్స్‌లో అలాగే వదిలేస్తారు, లేదా భరణం కోసం పెట్టిన పిల్లాడి ఫీజు రశీదు మీద స్కూలు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.