డాబా మీది తాతయ్యకి రాకెట్ లెక్కలు

కళింగపట్నం దగ్గర పల్లెలో ఉండే మా అక్క కూతురు రెండో తరగతి చదువుతోంది. పోయినేడు వాళ్ళ తాతయ్య పోయారు, అప్పట్నుంచి రాత్రిపూట డాబా మీద పడుకున్నప్పుడు ఆయనతో మాట్లాడుతూ ఉంటుంది. "తాత నన్ను రాకెట్టెక్కి చుక్కల్లోకి ఎల్లమన్నాడు మావయ్యా" అని నాకు ఫోన్లో చెప్పింది. అక్కకి ఒకటే టెన్షన్, గాలేమైనా సోకిందేమో, తాయెత్తు కట్టిద్దామా అని.

వద్దన్నాను. పిల్లలకి ఇలా కంటికి కనిపించని నేస్తాలు ఉండడం చాలా మామూలు సంగతి. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళు వచ్చేలోపు దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలకి అలాంటి నేస్తం ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టు తేలింది. అదేం జబ్బు కాదు. పైగా ఈ తాతయ్య భయపెట్టడం లేదు, ఆకాశం వైపు చూడమంటున్నాడు, అంతకంటే మంచి మేష్టారు ఎక్కడ దొరుకుతాడు? ఆయన్ని తరిమేయడం ఎందుకు, ఆయనకి నాలుగు నిజమైన లెక్కలు నేర్పిస్తే సరిపోతుంది కదా అనిపించింది నాకు.

మొదటిది, కళ్ళారా చూపించగలిగేది. మబ్బుల్లేని రోజు సూర్యాస్తమయం అయిన గంటలోపో, తెల్లారకముందో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా పోయే రోజులు ఉంటాయి. విమానంలా మినుకుమినుకుమనదు, చప్పుడు ఉండదు, బాగా వెలిగే చుక్క ఒకటి నిదానంగా నడుచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది, సాయంత్రమైతే నాలుగైదు నిమిషాల్లో భూమి నీడలోకి వెళ్ళి ఉన్నట్టుండి మసకబారి మాయమైపోతుంది. నిదానం అనేది మనకి అనిపించేదే, అది సెకనుకి 7.66 కి.మీ. వేగంతో పోతోంది. ఆ చుక్కలో మనుషులున్నారని చెబితే పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది.

రెండోది ఇంకా దగ్గరిది. డాబా మీద కదలకుండా పడుకున్నా, శ్రీకాకుళంలో ఉన్న ఎవరైనా భూమితో పాటు తూర్పుకి సెకనుకి 440 మీటర్ల వేగంతో తిరుగుతూనే ఉంటారు, అంటే గంటకి 1,580 కి.మీ. పైమాటే. శ్రీహరికోట భూమధ్యరేఖకి ఇంకాస్త దగ్గర కాబట్టి అక్కడ 450 మీటర్లు. తూర్పుకి ఎగిరే రాకెట్‌కి ఈ వేగం ఉచితంగా వస్తుంది. పైగా తూర్పున సముద్రం, ఊడిపోయిన భాగాలు జనం మీద పడవు. కళింగపట్నం తీరంలో నిలబడితే ఎదురుగా ఉండేదీ అదే బంగాళాఖాతం.

ఇక అసలు లెక్క. ఇది చెప్పింది రష్యాలోని కలూగా అనే ఊరి బడిపంతులు, కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. పదేళ్ళ వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి చెవులు సరిగ్గా వినపడకుండా పోయాయి, బడి చదువు ఆగిపోయింది, పుస్తకాలు ముందేసుకుని సొంతంగా చదువుకున్నాడు. రాకెట్ ఎంత ఇంధనం మోసుకెళ్ళాలో లెక్కగట్టే సూత్రాన్ని 1903లో అచ్చువేశాడు. భూమి చుట్టూ తిరగాలంటే, గాలీ గురుత్వమూ తినేసేది కూడా కలుపుకుని, సెకనుకి 9.4 కి.మీ. వేగం తెచ్చుకోగల శక్తి ఉండాలి. ఇంజను వాయువుల్ని సెకనుకి 3 కి.మీ. వేగంతో వెనక్కి చిమ్ముతుంటే, బయలుదేరిన 23 టన్నుల్లో 22 టన్నులు ఇంధనమే. మిగిలిన ఒక్క టన్నులోనే ట్యాంకులు, ఇంజను, మనిషి అన్నీ సర్దుకోవాలి! అదే వాయువుల్ని చిమ్మే వేగం 4.4 కి.మీ. అయితే ఎనిమిదిన్నర టన్నులతో పనైపోతుంది. అంత వేగం ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిపి మండిస్తే వస్తుంది, ఆ జోడీ గురించి కూడా ఆయన 1903లోనే రాశాడు. చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన ఎల్‌వీఎం-3 పైదశలో మండింది అవే. దాదాపు 640 టన్నుల రాకెట్ లేస్తే అందులో చంద్రయాన్ బరువు 4 టన్నుల లోపే.

సియోల్కోవ్‌స్కీ 1935లో చనిపోయాడు, ప్రపంచంలో మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957లో. మన దేశ అంతరిక్ష పరిశోధనకి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరులో పోయారు, మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టని చూడలేదు. అది ఎగిరింది 1975లో. 2023 ఆగస్టు 23న ఆయన పేరున్న ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. అందుకే చెబుతున్నా, అంతరిక్షం దారి చూపించిన వాళ్ళలో చాలామంది మనకి డాబా మీది తాతయ్యల్లాంటి వాళ్ళే, వాళ్ళు లేరు, వాళ్ళ లెక్క ప్రతి ప్రయోగంలోనూ పనిచేస్తోంది.

మొన్న ఆ గుంట అడిగిన ప్రశ్న మాత్రం నాకు భలే నచ్చింది. "తాత పైనే ఉంటాడు కదా మావయ్యా, మరి కింద పడిపోడేటి?" తాతయ్య సంగతి నాకు తెలీదు గానీ అంతరిక్ష కేంద్రం నిజంగానే పడుతోంది. 400 కి.మీ. ఎత్తులో గురుత్వం పోదు, నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం అక్కడా ఉంటుంది. ఒక సెకనులో అది 4.3 మీటర్లు కిందికి జారుతుంది, అదే సెకనులో 7.66 కి.మీ. ముందుకి పోతుంది, అంత దూరంలో ఆ ఎత్తున భూమి చుట్టూ ఉండే గుండ్రటి దారి కూడా 4.3 మీటర్లే కిందికి వంగుతుంది, కాబట్టి నేలకీ దానికీ మధ్య ఎడం తగ్గదు. కొండ మీది ఫిరంగి గుండుతో న్యూటన్ ఇదే వివరించాడు, ఆ పుస్తకం కూడా ఆయన పోయిన మరుసటి ఏడు, 1728లో వచ్చింది. కేంద్రం లోపలి మనుషులూ, వాళ్ళ టూత్‌బ్రష్షూ, నీటి బొట్టూ అన్నీ కలిసి ఒకేలా పడుతుంటాయి కాబట్టి తేలుతూ కనిపిస్తాయి, అంతేగానీ అక్కడ గురుత్వం లేక కాదు.