648 సీసీలో లాగుడెంత?

విజయనగరం నుంచి సాలూరు దాటి ఒడిశా ఘాట్ ఎక్కేటప్పుడు, ముందు లోడు లారీ మూలుగుతూ పోతుంటుంది. దాన్ని దాటడానికి బండికి కావలసింది టాప్ స్పీడ్ కాదు, 3,000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందే లాగుడు. పాత రూపంతో వస్తున్న కొత్త జంట సిలిండర్ల బైకుల అసలు బలం అదే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650నే చూడండి. సిలిండర్ వ్యాసం 78 మి.మీ., పిస్టన్ నడక 67.8 మి.మీ.; రెండు సిలిండర్లకు లెక్కేస్తే 648 సీసీ. పవర్ సుమారు 47 హార్స్‌పవర్. కేటీఎం పాత 390 డ్యూక్ 373 సీసీతోనే 43 ఇచ్చేది. "ఇంత ఇంజిన్‌కి అంతేనా?" అనేవాళ్లు పొరబడేది ఇక్కడే. పవరంటే టార్క్‌ని (ఇంజిన్ తిప్పే బలాన్ని, మనం లాగుడు అనేదాన్ని) ఆర్పీఎంతో హెచ్చవేసిన లెక్క. డ్యూక్ ఆ 43 ఇవ్వాలంటే 9,000 దాకా తిరగాలి. టార్క్ 37 న్యూటన్ మీటర్లే, అదీ 7,000 దగ్గర. ఇంటర్‌సెప్టర్ 52 న్యూటన్ మీటర్లను 5,250కే అందిస్తుంది. బండి బరువు 200 కిలోలు దాటింది కాబట్టి అందులో కొంత అదే తినేస్తుందనుకోండి.

కవాసాకీ డబ్ల్యూ800ది ఇంకో దారి. 773 సీసీ, పిస్టన్ నడక 83 మి.మీ. టార్క్ 62.9 న్యూటన్ మీటర్లు, పవర్ మాత్రం 50కి అటూ ఇటూ. నడక పొడవైతే పిస్టన్ ప్రతి చుట్టులో ఎక్కువ దూరం పరుగెత్తాలి, అందుకని ఆర్పీఎం పెంచలేరు.

పాత బ్రిటిష్ ట్విన్లలో రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగేవి; చేతులు తిమ్మిరెక్కేవి. ఇంటర్‌సెప్టర్‌లో క్రాంక్‌ని (పిస్టన్ల ఎత్తుదింపుల్ని తిప్పుడుగా మార్చే ఇరుసుని) 270 డిగ్రీలకు తిప్పి కట్టారు. ఒక పేలుడు తర్వాత 270 డిగ్రీలకు రెండోది, ఆపైన 450 డిగ్రీల విరామం. ఆ తడబడే చప్పుడు అందువల్లే. ఒక పిస్టన్ ఆగేచోట రెండోది జోరుమీదుంటుంది కాబట్టి అదురు తగ్గుతుంది. మిగిలినదాన్ని బ్యాలెన్సర్ షాఫ్ట్ చూసుకుంటుంది.

లాగుడుంది కదా అని శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో ఐదో గేరులో ఈడిస్తే, ఆ 450 డిగ్రీల ఖాళీలో చైన్ వదులై మళ్లీ ఫట్టుమని బిగుస్తుంది. అప్పుడే యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ లోపల టకటక కొడుతుంది. 2,500 కిందికి పడితే గేరు దించాలి.

ఘాట్లో మునుపటి లాగుడు తగ్గిందా? ట్యాపెట్లు (వాల్వులను తెరిచే చోట ఉండే సన్నటి సందు) చూడండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. మోగే ట్యాపెట్ కన్నా మోగనిది ప్రమాదం: సందు లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వాల్వ్ అంచు కాలిపోతుంది.