అప్పు మర్చిపోయిన తీసివేత

"మావాడికి ట్యాబ్ కొనిస్తే లెక్కలొస్తాయా అండీ?" అని పక్కింటావిడ అడిగారు. ట్యాబ్ అయితే వస్తుంది, లెక్కల సంగతి అందులో ఏం నడుస్తుందో చూస్తేగానీ చెప్పలేనన్నాను. పెరూలో పల్లెటూరి బళ్లకి ల్యాప్‌టాప్‌లు పంచి చూశారు, లెక్కల మార్కులు కదల్లేదు. అదే వడోదర మునిసిపల్ బళ్లలో నాలుగో తరగతి పిల్లల్ని కంప్యూటర్‌కి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడిస్తే మొదటి ఏడాదే మార్కులు 0.35 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి, అంటే వందమందిలో 50వ స్థానంలో ఉన్నవాడు ఇంచుమించు 36కి ఎగబాకినట్టు. (ఆటలు ఆపేసిన ఏడాదికి అందులో చాలావరకు కరిగిపోయింది, అది వేరే బాధ.) మన దగ్గర ఆయుధపూజకి కంప్యూటర్‌కి బొట్టుపెట్టి మర్నాటి నుంచి గదికి తాళం వేసే బళ్లూ ఉన్నాయి, వాటి గురించి ఏం మాట్లాడతాం!

నాకు అసలు మజా అనిపించేది తప్పుల దగ్గర. 52 − 38 ఎంత? 14. ఒకడు 26 అని రాస్తాడు: 2లోంచి 8 పోదు కాబట్టి తిప్పేసి 8లోంచి 2 తీశాడు. ఇంకొకడు 24 అంటాడు: పక్కింటి 5 దగ్గర అప్పు తెచ్చాడు గానీ అక్కడ ఒకటి తగ్గించడం మర్చిపోయాడు. రెండింటికీ టీచర్ ఎర్ర ఇంటూనే పెడతారు, నలభై నోటుబుక్కులు దిద్దే మనిషి ఇంకేం చేస్తారు పాపం. కానీ రోగాలు వేరు, మందులూ వేరు. ఇప్పుడు 50 − 25 ఇవ్వండి. తిప్పేసేవాడికీ 35 వస్తుంది, అప్పు మర్చిపోయేవాడికీ 35 వస్తుంది! ఒకట్ల స్థానంలో తేడా 5 ఉంటే చాలు, 72 − 37 అయినా అంతే, ఇద్దరికీ 45. అంటే ఏ లెక్క ఇస్తున్నామన్నదే సగం వైద్యం. 1978లోనే బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికాలో ఇలాంటి తప్పుల్ని పట్టే ప్రోగ్రామ్ గురించి రాశారు: పిల్లవాడి జవాబుల్ని బట్టి వాడి బుర్రలో నడుస్తున్న తప్పుడు పద్ధతిని కనిపెట్టడం, ఒక తప్పుకీ ఇంకో తప్పుకీ తేడా తేల్చే లెక్కలతో పరీక్ష తయారుచేయడం.

ఢిల్లీలో బడి అయ్యాక నడిపిన ఒక కార్యక్రమంలో సాఫ్ట్‌వేర్ పిల్లవాడి తరగతి పట్టించుకోకుండా వాడికి నిజంగా ఎంత వచ్చో అక్కణ్నుంచే మొదలుపెట్టింది; నాలుగున్నర నెలల్లో లెక్కల మార్కుల్లో 0.37 ప్రామాణిక విచలనం మేర పెరుగుదల. అక్కడి ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నరేళ్లు వెనకబడి ఉన్నారు మరి, వాళ్లకి ఆరో తరగతి పాఠమే తెరమీద రంగుల్లో చూపిస్తే ఏం లాభం?

పక్కింటావిడకి ట్యాబ్ సంగతి తర్వాత, ముందు ఇది చేయించమని 52 − 38 చీటీ మీద రాసిచ్చాను. సాయంత్రం బాబే పట్టుకొచ్చాడు. 24.