ఒట్టు వెయ్యకండి: పిల్లల కౌన్సెలింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

బరంపురంలో పిల్లల కౌన్సెలింగ్ పాఠాలు చెప్తాను. క్లాసులో ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ ఉంటారు, ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్లతో సహా. ఏటా మొదటి రోల్‌ప్లేలో ఇదే తంతు. 12 ఏళ్ల పిల్లలా కూర్చున్న అమ్మాయి "ఎవరికీ చెప్పరు కదా?" అంటుంది. కౌన్సెలర్ వేషంలో ఉన్నవాళ్లు "చెప్పను, ఒట్టు" అనేస్తారు. అక్కడే ఆపేస్తాను.

కౌన్సెలర్ అన్నీ కడుపులో దాచుకోవాలన్నది మా రంగంలో అన్నిటికంటే చేటు చేసే అపోహ. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసినవాళ్లు టీచరైనా, పక్కింటాయనైనా సరే. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "రుజువు లేకుండా చెబితే మన మీదే కేసు పెడతారట మేడమ్!" ఎవరు పుట్టిస్తారో ఈ మాటలు. రుజువులు వెతకడం పోలీసుల పని. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని అదే సెక్షన్‌లో ఉంది.

కొత్తలో నేనూ ఒట్టేశాను. ఎనిమిదో తరగతి పిల్ల. స్కూలు వరండా చివర, లంగా అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ చెప్పింది. విన్నాక రిపోర్ట్ చెయ్యక తప్పలేదు. మర్నాడు మహిళా ఎస్సై మఫ్టీలో వచ్చారు. పిల్ల ఆవిడ వైపు చూడలేదు, నన్నే చూసి "ఒట్టన్నారు కదా" అంది. తనకు సాయం అందింది. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడు పిల్ల నోరు విప్పకముందే నా స్టూడెంట్లతో ఇలా చెప్పిస్తాను: "నీ మాట నా దగ్గరే ఉంటుంది. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఇంకొకరి సాయం అడుగుతాను. అడిగే ముందు నీకే చెప్తాను." అలా అంటే పిల్లలు బిగుసుకుపోరా అని స్టూడెంట్ల టెన్షన్. నిజమే, కొందరు ఆ రోజుకి ఏమీ చెప్పరు. తర్వాత ఏ నోట్‌బుక్ చింపిన సంగతో చెప్పి, అది ఇంటిదాకా వెళ్లిందా అని చూస్తారు. వెళ్లకపోతే మళ్లీ వస్తారు. అందుకే "మావాడేం చెప్పాడు?" అని గుమ్మంలో నిలబడే తల్లిదండ్రులకు మార్కుల బెంగలూ, స్నేహితుల అలకలూ నేను చెప్పను.

మిగతావి చిన్నవే. కౌన్సెలింగంటే బుద్ధి చెప్పడం కాదు. పిచ్చివాళ్లకే అన్నది పాత పాట. ఒడియా మీడియం పిల్లతో ఒడియాలోనే మాట్లాడాలనీ లేదు: బడి కబుర్లు ఒడియాలో చెప్పిన పిల్లే ఏడుపొచ్చేసరికి తెలుగులోకి వచ్చేస్తుంది.

రాత్రివేళ ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.