పెంకు పలచబడిందా? సీసా వెతకొద్దు, గ్రిట్ చూడండి

మే నెల వచ్చిందంటే తణుకు చుట్టుపక్కల కోళ్ల షెడ్ల నుంచి నాకు ఒకటే ఫోను: "డాక్టరు గారూ, గుడ్లకి క్రాకులు పెరిగిపోయాయండి, క్యాల్షియం ఇంకాస్త పెంచమంటారా?" అడిగేసరికే చాలామంది పెంచేసి ఉంటారు.

అపోహ: పెంకు పలచబడితే క్యాల్షియం చాలనట్టే, మేతలో సున్నపురాయి పొడి ఇంకా కలపాలి.

వాస్తవం: ఒక గుడ్డు పెంకులో క్యాల్షియం 2 గ్రాముల పైచిలుకు. కోడికి రోజూ 4 గ్రాముల దాకా అందాలి. 4 శాతం క్యాల్షియం ఉన్న మేత 110 గ్రాములు తింటే అది వచ్చేసినట్టే. చాలా షెడ్లలో తేడా వేళ దగ్గర వస్తోంది. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువ పని లైట్లు ఆపేశాక, కోడి ఏమీ తినని వేళ జరుగుతుంది. మెత్తటి పొడి తొందరగా కరిగిపోతుంది. 2 నుంచి 4 మిల్లీమీటర్ల సున్నపురాయి పలుకైతే, అంటే గ్రిట్ అయితే, కందనకాయలో నిలిచి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అది లేని కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అలా కొన్నాళ్లు సాగితే కేజ్‌లో కాళ్లు పడిపోతాయి.

పోయిన వేసవిలో ఒక షెడ్డుకి తెల్లవారుజామున వెళ్లాను. ఆ రైతు పొడి పెంచేశారు, పైగా రెండు వారాలుగా నీళ్లలో లిక్విడ్ క్యాల్షియం పోస్తున్నారు. అప్పుడే చచ్చిన కోడిని కోసి, కందనకాయ చీల్చి ఆయన చేతిలో పెట్టాను. మొక్కజొన్న పొట్టు, తెల్లటి బురద. వేళ్లతో ఎంత నలిపినా ఒక్క పలుకు తగల్లేదు. మేత తొట్టె అడుగున పిండిలా పొడి పేరుకుని ఉంది. కోళ్లు గింజ ఏరుకుని దాన్ని వదిలేశాయి. అసలే ఎండకి మేత తగ్గించిన కోళ్లు! అప్పు చేసి బ్యాచ్ వేసిన మనిషి, టెన్షన్‌తో నిద్ర లేదు. ఆయన్ని ఏమనగలం? ఎవరో చెప్పారు, పోశారు.

క్వింటా మేతకి సున్నపురాయి 10 కిలోలే ఉంచాం. అందులో మూడింట రెండు వంతులు గ్రిట్‌గా మార్చాం, సాయంత్రం మేత పెంచాం. రెండు మూడు వారాల్లో క్రాక్ ట్రేలు బాగా తగ్గాయి.

నోరు తెరిచి రొప్పే కోడి సంగతి వేరు. రొప్పుతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకుకి కార్బొనేట్ చాలదు. దానికి కావాల్సింది చల్లటి నీళ్లు, మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు.

ఇక మిగతా అపోహలు. గుడ్డు పెంకులు వేస్తే కోళ్లు గుడ్లు తినడం మరుగుతాయంటారు. ఉడికించి, ఎండబెట్టి, నలిపి వేస్తే ఆ భయం అక్కర్లేదు. గోధుమ రంగు పెంకు గట్టిదన్నది వట్టిమాట, రంగు జాతిని బట్టి వస్తుంది. గ్రోయర్లకి, అంటే ఇంకా గుడ్డుకి రాని పెట్టలకి, ముందే లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల మేత) పెడితే బలమన్నది మాత్రం ప్రమాదం. వాటికి 1 శాతం క్యాల్షియం చాలు, నెలల తరబడి ఎక్కువ పెడితే కిడ్నీలు పోతాయి.

తోలుగుడ్లతో (పెంకు లేని మెత్తటి గుడ్లతో) పాటు ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోతే మేత మీద కూర్చోకండి. ఐబీయో ఈడీఎస్సో, అంటే వైరస్ జబ్బు కావచ్చు, అదే రోజు రక్తం శాంపిల్ ల్యాబ్‌కి పంపండి.